రవీంద్రభారతి: వేదిక ఎక్కినవాళ్ళ వైపు నుంచి

రవీంద్రభారతి గురించి ప్రేక్షకులు రాసినవి చాలా చదివాను. పార్కింగ్, సీట్లు, ఏసీ సంగతులు వాళ్ళే బాగా చెప్తారు. నేను తెర వెనక నుంచి రాస్తున్నాను. పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం మా నాటిక అక్కడి పెద్ద హాల్లో వేశాం. ఒక సాంస్కృతిక సంస్థ ఆ రోజుకు హాలు బుక్ చేసి మూడు బృందాలకు అవకాశం ఇచ్చింది. అందులో మాదొకటి.

మేం పదకొండు మందిమి, అందరం రామంతాపూర్ వాళ్ళమే. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఒక ఎలక్ట్రీషియన్, ఒక రిటైర్డ్ కండక్టరు, ఇద్దరు డిగ్రీ పిల్లలు, మా హార్మోనియం మాస్టారు, ఇలా ఉంటుంది మా బృందం. మాస్టారికి తప్ప మాలో ఎవరికీ ఇది బతుకుతెరువు కాదు. ఖర్చంతా మా చందాలే.

ఠాగూర్ శతజయంతికి కట్టి 1961లో ప్రారంభించిన హాలు ఇది. మధ్యాహ్నం వెళ్ళి, ఇంకా మైకులు పెట్టకముందే వేదిక మధ్యలో నిలబడి మామూలు గొంతుతో ఒక డైలాగు చెప్పి చూశాను. ఆఖరి వరసలో కూర్చున్న మా తమ్ముడికి మాట తెలిసింది. వేదిక పక్కనుండే వింగ్స్‌లో మా సెట్టు పలకలు (ఫ్లాట్లు) రెండు నిలబెట్టినా మనిషి నడవడానికి దారి మిగిలింది. గ్రీన్‌రూమ్‌లో పెద్ద అద్దం ముందు కూర్చుని మేకప్ వేసుకోవడం మా డిగ్రీ పిల్లలకు అదే మొదటిసారి. అంతకుముందు ఎక్కడ వేసినా చేతి అద్దం, సెల్‌ఫోన్ లైటుతోనే సరిపెట్టుకునేవాళ్ళం.

లైట్ల దగ్గర ఉన్న పెద్దాయన గురించి తప్పక చెప్పాలి. మా స్క్రిప్టు ఆయనే అడిగి తీసుకున్నారు. ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ పెంచాలి అని పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నారు. “అమ్మా, ఉత్తరం చదివే చోట రెండడుగులు ముందుకు రండి, ముఖం చీకట్లో పడుతోంది” అన్నారు. ఇన్నేళ్ళలో నాకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. ఆ రెండడుగులు వేశాక ఆ సీనే మారిపోయింది.

ఈ హాలు రాష్ట్ర ప్రభుత్వ భాషా సాంస్కృతిక శాఖ చేతిలో ఉంది. ప్రభుత్వం కళలకు ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ వేదికనే చూపిస్తాను. ఇలాంటిది సొంతంగా కట్టుకోవడం ఏ నాటక సమాజానికీ అయ్యే పని కాదు. రెండోది పెన్షన్. మా హార్మోనియం మాస్టారు వయసులో ఉన్నప్పుడు పద్య నాటకాలకు ఊరూరా తిరిగి వాయించారు. ఇప్పుడు వృద్ధ కళాకారుల పెన్షన్ వస్తోంది. పాత 1,500 రూపాయలు 3,016 అయిన ఏడాది ఆయన మొదట చేసిన పని చిల్లుపడిన హార్మోనియం తిత్తి మార్పించుకోవడం. మందులు తర్వాత కొనుక్కుంటానన్నారు. కోప్పడి మేమే కొనిచ్చాం.

ఇక ఆ రోజు నన్ను బాధపెట్టిన విషయం. దానికి హాలుతో సంబంధం లేదు, కార్యక్రమాలు నడిపే పద్ధతితోనే వచ్చింది. ఐదున్నరకు మొదలవ్వాల్సిన సభ ఆరున్నరకు మొదలైంది. జ్యోతి వెలిగించడం, అతిథుల ప్రసంగాలు, ఒక్కొక్కరికీ శాలువా, మెమెంటో, ఫొటో. మా వంతు వచ్చేసరికి తొమ్మిదవుతోంది. మా నాటిక యాభై ఐదు నిమిషాలు. పదిహేను నిమిషాలు తగ్గించుకోమన్నారు. వేరే దారి లేక రెండో సీను తీసేశాం. డిగ్రీ పిల్లల్లో ఒకడు ఉన్నది ఆ సీన్లో మాత్రమే. పూర్తి మేకప్‌తో వింగ్‌లో నిలబడి నాటిక మొత్తం చూశాడు. వాళ్ళ అమ్మానాన్న ఆరో వరసలో కూర్చుని వాడు ఎప్పుడొస్తాడా అని ఎదురుచూస్తున్నారు. సంస్థలవారికి నా విన్నపం ఒక్కటే. సన్మానాలు చేయండి, కానీ నాటకాలు అయ్యాక చేయండి.

ఆ ఒక్క సాయంత్రం కోసం మేం నలభై రిహార్సల్స్ చేశాం. అన్నీ మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే. కార్లు బయటికి వెళ్ళినప్పుడు ఆడవాళ్ళ సీన్లు, తిరిగొచ్చేలోపు గుంపు సీన్లు. మా ఇంటికి దగ్గర్లో ప్రజల డబ్బుతో కట్టిన కమ్యూనిటీ హాలు ఉంది. ఎక్కడన్నది రాయను. అడగడానికి వెళ్తే “ఏం ఫంక్షన్?” అన్నారు. రిహార్సల్ అని చెప్తే అలాంటి దానికి ఇచ్చే అలవాటు లేదన్నారు. వారంలో చాలా రోజులు ఆ హాలుకు తాళమే ఉంటుంది.

ఈ సంగతి స్టాఫ్‌రూమ్‌లో చెప్తే మా సోషల్ టీచరు గారు పుస్తకం తెరిచి చూపించారు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూల్‌ను చేర్చింది. పట్టణాల్లో స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనులు అందులో 18 ఉన్నాయి. పార్కులు, ఆటస్థలాలు 12వది, శ్మశానాలు 14వది. ఆ రెండింటి మధ్య 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాలను ప్రోత్సహించడం. పార్కు కావాలని కాలనీవాళ్ళం ఎన్నోసార్లు అర్జీలు పెట్టాం. ఆ పక్క వరుసలోనే మా నాటకం కూడా ఉందని నాకు యాభై ఏళ్ళు వచ్చాక తెలిసింది.

ఇళ్ళకు దగ్గరగా వేదిక ఉంటే ఏమవుతుందో ఉప్పల్ శిల్పారామం చూస్తే తెలుస్తుంది. మాదాపూర్‌ది మాకు చాలా దూరం. 2019లో ఇక్కడ వచ్చాక మా స్కూల్లో కూచిపూడి నేర్చుకునే పిల్లల్ని వాళ్ళ నాయనమ్మలు కూడా వచ్చి చూడగలుగుతున్నారు.

రవీంద్రభారతిలో మొదటిసారి వేసేవాళ్ళకు కొన్ని మాటలు. ఉప్పల్ వైపు నుంచి మెట్రోలో వచ్చేవాళ్ళు అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్‌లోనో అసెంబ్లీ స్టేషన్‌లోనో దిగితే నడిచిపోవచ్చు. సెట్టు మాత్రం ట్రాలీ ఆటోలో ముందే పంపండి. లైట్ల వాళ్ళకు స్క్రిప్టు ఇంకో కాపీ తీసుకెళ్ళండి. నాటికలో ఏ భాగం తీసినా కథ తెగకుండా ఉంటుందో ఇంటి దగ్గరే ఆలోచించుకోండి, ఆ భాగంలో కొత్త పిల్లల్ని మాత్రం పెట్టకండి.

కమ్యూనిటీ హాలు కోసం మళ్ళీ అర్జీ రాశాను. ఈసారి 13వ అంశం కూడా రాసి, పదకొండు మందిమీ సంతకాలు పెట్టాం. రోజూ సాయంత్రం రెండు గంటలు, ఒక ఫ్యాను, రెండు ట్యూబ్‌లైట్లు, అంతే అడిగాం. కొత్త నాటిక ఈ ఆదివారం మొదలుపెడుతున్నాం, ప్రస్తుతానికి సెల్లార్‌లోనే. ఆ అబ్బాయి ఇందులో మొదటి సీన్లోనే వస్తాడు, చివరిదాకా ఉంటాడు.