సైకిళ్ల బురదకి డిక్కీ లైనర్: చాలాకాలం వాడాక నా మాట

ముందు తీర్పు చెప్పేస్తాను. డిక్కీ లైనర్, అంటే బండి వెనక సామాను పెట్టే చోట పరిచే కవర్, కొనదగ్గ వస్తువే. ఉన్నది చిరిగితే ఇంకోటి కొంటాను కూడా. కానీ ఇది పరిచేస్తే చాలు, ఇక బండి లోపల ఏమీ కాదు అనుకునేవాళ్లు కొనే ముందు ఇది చదవాలి. మా ఏడు సీట్ల వ్యాన్‌లో కొన్ని వానాకాలాలుగా మట్టి దారుల్లో తొక్కిన సైకిళ్లు ఎక్కిస్తున్నాం. వారం మధ్యలో అదే బండిలో పిల్లలు స్కూలు బట్టలతో కూర్చోవాలి, ఇంట్లో పెద్దవాళ్లూ ఎక్కాలి. అంటే ఆదివారం సాయంత్రానికి ఎంత పాడైనా సోమవారం పొద్దున్నకి బండి మామూలుగా ఉండాలి.

మాది మందపాటి పాలిస్టర్ బట్టకి ఒక వైపు పాలీయురేథేన్ పూత వేసిన రకం. వెనక సీట్లు మడిచాక ముందు సీట్ల వీపుల దాకా వస్తుంది. అంచులు పైకి లేపి హెడ్‌రెస్ట్ కడ్డీలకీ పక్కనున్న హుక్కులకీ తగిలిస్తే నాలుగు వైపులా గోడ కట్టినట్టు నిలబడుతుంది. డిక్కీ తలుపు దగ్గర ఒక పట్టీ బయటికి వాలి బంపర్‌ని కప్పుతుంది. చూస్తే ఊరికే ఇచ్చారేమో అనిపిస్తుంది గానీ, ఎక్కువ గీతలు పడేది సరిగ్గా అక్కడే. సైకిల్ ఎత్తి లోపలికి తోసేటప్పుడు పెడల్ ముందుగా తగిలేది బంపర్ పై అంచుకే. ఈ పట్టీ లేని లైనర్ సగం ధరకి వచ్చినా నేను తీసుకోను.

అందరికీ బురద గురించే టెన్షన్. వాడి చూశాక నాకు బురద మీద పెద్దగా కోపం లేదు. కార్పెట్ మీద పడ్డా సరే, ముట్టుకోకుండా పూర్తిగా ఎండనిచ్చి, గట్టి బ్రష్‌తో దులిపి వాక్యూమ్ పెడితే చాలావరకు వచ్చేస్తుంది. కంగారుపడి తడిమీదే గుడ్డ పెట్టి రుద్దితే మాత్రం పోగుల లోపలికి దిగుతుంది, ఆ మరక వదలదు.

అసలు బాధ చైన్‌తో. చైన్‌కి వేసిన నూనె, దారిలో దుమ్ము, అరిగిన ఇనుప పొడి కలిసి నల్లటి ముద్దవుతాయి. బట్ట సీటుకి ఒక్కసారి తగిలితే చాలు. మా రెండో వరస సీటు వెనక వైపు ఇప్పటికీ పళ్లతో సహా అచ్చు పడిన ఒక నల్లని నెలవంక ఉంది. లైనర్ అంచు జారిన చోట ముందు పళ్లచక్రం ఆనుకుని ప్రయాణం చేసిన గుర్తు అది. ఇలాంటి మరక పడగానే పొడి టిష్యూతో అద్ది జిడ్డు పీల్చాలి. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో కలిపి, తెల్లగుడ్డతో మరక బయటి అంచు నుంచి మధ్యకి అద్దుతూ రావాలి. నీళ్లు గుమ్మరించకూడదు. కింద ఫోమ్ తడిస్తే వాసన మొదలవుతుంది, అది మరక కంటే పెద్ద తలనొప్పి.

అందుకే ఇప్పుడు లైనర్ కంటే ముందు చైన్‌ని కప్పుతాం. పాత జీన్స్ కాలు నిలువునా కోసి, అంచులకి వెల్క్రో కుట్టి, చైన్ మీంచి గేర్ల మీంచి చుట్టేస్తే అయిపోయింది. దుకాణాల్లో దొరికే చైన్ కవర్లూ ఇదే పని చేస్తాయి. సైకిల్‌ని పడుకోబెట్టక తప్పకపోతే గేర్లు పైకి ఉండేలా, అంటే ఎడమ పక్క కిందికి ఉండేలా పెట్టాలి. వెనక గేరుని పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క, హ్యాంగర్ అంటారు, ఫ్రేమ్‌కి దెబ్బ తగలకుండా తాను వంగిపోయేలా మెత్తగా చేస్తారు. దానిమీద సైకిల్ బరువు పడితే మర్నాడు గేర్లు సరిగ్గా పడవు.

కుదిరితే నిలబెట్టడమే మేలు. ముందు చక్రం తీసి, దాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల ఫోర్క్‌ని ప్లైవుడ్ పలకకి బిగించిన క్లాంపులో పెడతాం. చోటు కలిసొస్తుంది, సైకిళ్లు ఒకదానికొకటి రాసుకోవు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్న సైకిల్ అయితే, చక్రం తీయగానే, చక్రానికున్న డిస్క్‌ని రెండు వైపులా నొక్కే ప్యాడ్ల మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టాలి. లేకపోతే బండిలో ఎవరైనా ఆ సైకిల్ బ్రేక్ నొక్కితే ప్యాడ్లు దగ్గరికి వచ్చేస్తాయి, తిరిగి చక్రం ఎక్కదు. పిల్లలున్న ఇంట్లో ఎవరో ఒకరు నొక్కి తీరతారు. తీసిన చక్రాన్ని సంచిలో వేసి విడిగా పెట్టడం కూడా ముఖ్యమే. చైన్ జిడ్డు డిస్క్‌కి అంటితే ప్యాడ్లు దాన్ని పీల్చుకుంటాయి, బ్రేక్ కీచుమంటుంది, పట్టదు. చాలాసార్లు ప్యాడ్లు మార్చడమే దారి.

కట్టడం గురించి కూడా చెప్పాలి. పూత వేసిన బట్ట తడిస్తే బాగా జారుతుంది. సడన్ బ్రేక్ పడినప్పుడు వెనకున్న సైకిల్ ఆగదు, ముందు సీట్లో ఉన్నవాళ్ల వీపు మీదికి వస్తుంది. ప్లైవుడ్ పలకనీ సైకిళ్లనీ కింద ఉండే ఇనుప రింగులకి బెల్టులతో బిగించాల్సిందే. ఆ రింగులు అందడానికి మా లైనర్‌లో వెల్క్రోతో మూసే కిటికీలు ఇచ్చారు. మంచి ఆలోచనే, కానీ నీళ్లు కారేది కూడా అక్కడి నుంచే.

నీళ్ల విషయంలో ఈ లైనర్‌కి సగం మార్కులే వేస్తాను. అడుగు భాగం గట్టిదే, ఒక్క చుక్క దిగదు. మూలల్లో కుట్లు ఉన్నాయి, సూది వేసిన ప్రతి చిల్లూ ఒక దారే. మడిచిన సీటుకీ డిక్కీ నేలకీ మధ్య గుంట ఉంటుంది కదా, బట్ట అక్కడ వేలాడి నీళ్లన్నీ అందులో చేరతాయి. కాసేపటికి ఇసుక అడుక్కి దిగి, పైన గోధుమరంగు నీళ్లు నిలబడి ఉంటాయి. ఆ గుంటలోకి ఒక రబ్బరు మ్యాట్ ముక్క కోసి లైనర్ కింద పెట్టాక అడుగు సమంగా వచ్చింది, నీళ్లు ఒకచోట చేరడం తగ్గింది.

నీళ్లు దిగనివ్వని లైనర్ కింది తడిని బయటికి పోనివ్వదు కూడా. పైన శుభ్రంగా ఉంది కదా అని వారమంతా వదిలేస్తే కింద కార్పెట్‌లో చెమ్మ చేరి ముక్కిపోయిన వాసన వస్తుంది, తర్వాత బూజు. ఇంటికి రాగానే సైకిళ్లు దింపి, అంచులు నాలుగూ ఒక దగ్గరికి పట్టుకుని మూటలా బయటికి లాగి, నీళ్లతో కడిగి తీగ మీద ఆరేస్తాం. బండి అద్దాలు కాసేపు దించి ఉంచుతాం. ఈ పనికి ఓపిక లేకపోతే లైనర్ కొనకపోవడమే మంచిది. అదే సమయంలో సీటు పట్టాల్లో ఇసుక ఉందేమో చూసుకోవాలి, లేదంటే సీటు జరిపినప్పుడు కరకరమంటుంది. సీటు బెల్టుకి బురద అంటితే తేలికపాటి సబ్బునీళ్లే వాడండి, బ్లీచ్ వద్దు. పూర్తిగా బయటికి లాగి ఉంచి, ఆరాకే వెనక్కి వదలాలి.

వాడకంలో తేలిన లోపాలు రెండు. మడతలు పడే చోట పూత పొట్టులా రాలుతోంది. మడవకుండా చుట్టి పెట్టుకుంటే ఇది బాగా తగ్గుతుంది. రెండోది చిల్లులు. మట్టి దారి సైకిళ్ల పెడళ్లకి కాలు జారకుండా చిన్న మేకుల్లాంటివి ఉంటాయి, అవి బట్టని పొడిచేస్తాయి. టెంట్లకి వాడే అతుకులు వేస్తే నిలుస్తున్నాయి. పెడళ్లు విప్పేయడం ఇంకా మంచిది, కాకపోతే ఎడమ పెడల్ మర తిరకాసుగా ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపుకి తిప్పితేనే ఊడుతుంది.

పాత దుప్పట్లు? గీతలు పడకుండా సైకిళ్ల మధ్య పెట్టడానికి చాలా బాగుంటాయి, తడిని మాత్రం పీల్చి కిందికి పంపుతాయి. మామూలు టార్పాలిన్ నీళ్లు ఆపుతుంది, కానీ అంచులు నిలబడవు, ఎక్కించేటప్పుడే ఒక పక్కకి పోగవుతుంది. డిక్కీ కొలతకి అచ్చుపోసిన ట్రే కడగడానికి అన్నిటికంటే సులువు. సీట్లు నిలబెట్టి ఉన్నప్పుడే అది సరిపోతుంది, మడిస్తే సీటు వీపులు కప్పడానికి ఇంకేదో వేసుకోవాలి. బురద బట్టలతో కూర్చోవడం కోసమని ముందు వరస సీట్లకి వాటర్‌ప్రూఫ్ కవర్లు వేసుకునేవాళ్లు ఒకటి చూసుకోండి. చాలా బండ్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ సీటు అంచులోనే ఉంటుంది. దానికి సరిపడేలా చేసిన కవరే కొనాలి, మామూలుది బిగిస్తే బ్యాగ్ తెరుచుకోవడానికి అడ్డం పడొచ్చు.

ఈసారి కొనేటప్పుడు కుట్లు బదులు వేడితో అతికించిన మూలలు ఉన్నది వెతుకుతాను, అంచులు కనీసం జానెడు ఎత్తు ఉండాలి. నలుపు రంగు మాత్రం వద్దు. మట్టి ఎక్కడ మిగిలిందో, చిల్లు ఎక్కడ పడిందో అందులో ఏదీ కనబడదు.