విజయవాడలో బైపీసీ నీట్ బ్యాచ్ రెండేళ్లు: బయాలజీలో ఏం అడుగుతారు, మార్కులు ఎలా వేస్తారు

బైపీసీకి విజయవాడ పంపాలా, పంపితే నీట్ (ఎంబీబీఎస్ సీట్ల ప్రవేశ పరీక్ష) బ్యాచా మామూలు బ్యాచా అని ఈ అడ్మిషన్ల సీజన్‌లో మా చుట్టాల్లోనే చాలామంది అడిగారు. అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. మాది గుంటూరు పక్క ఊరు, నాది 2022-24 బ్యాచ్, చదివింది గూడవల్లి వైపు ఒక రెసిడెన్షియల్ క్యాంపస్‌లో. కాలేజీ పేరు చెప్పను, అడగొద్దు. ఇప్పుడు బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్నాను కాబట్టి అక్కడ నేర్చుకున్నదాంట్లో ఏది నిలిచిందో, ఏది పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చామో కాస్త తెలుస్తోంది.

బయాలజీ మాత్రం బాగా చెప్తారు, అందులో పేరు పెట్టడానికి లేదు. మాకు బోటనీ చెప్పిన సారు నీట్‌కి ఆధారమైన ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్ర సిలబస్) పుస్తకం తెరవకుండానే ఏ బొమ్మ కింద ఏ వాక్యం ఉందో చెప్పేవారు, జువాలజీ మేడమ్ గుండె బొమ్మ బోర్డు మీద వేస్తుంటే వెనక బెంచీలో నిద్రపోయేవాడు కూడా లేచి గీసుకునేవాడు. తేడా వచ్చేది మార్కుల దగ్గర. బ్రోచర్లో ఇంటిగ్రేటెడ్ అని ఉంటుంది, అంటే ఇంటర్ బోర్డుదీ నీట్‌దీ కలిపి చెప్తారని మనం అనుకుంటాం. కలిపి చెప్పరు, ఒకటి ఆపి ఇంకోటి చెప్తారు. డిసెంబరు దాకా నీట్, సంక్రాంతి సెలవులయ్యాక హఠాత్తుగా ఐపీఈ (ఇంటర్ బోర్డు పరీక్షల చదువు), బోర్డు పరీక్షలు అవ్వగానే మళ్లీ నీట్. ఏ నెలలో ఎవరి లెక్క ప్రకారం మార్కులు వేస్తున్నారో తెలియకపోతే బాగా చదివే పిల్లలు కూడా తమకేదో అయిపోయిందనుకుని భయపడతారు.

మా బ్యాచ్‌కి ఐపీఈ ఇలా ఉండేది. బోటనీ 60, జువాలజీ 60, వేర్వేరు పేపర్లు, ఒక్కోదానికి మూడు గంటలు. 2 మార్కుల ప్రశ్నలు 10, అన్నీ రాయాలి. 4 మార్కులవి 8 ఇచ్చి 6 రాయమంటారు, 8 మార్కులవి 3 ఇచ్చి 2. పాస్ మార్కు 21. రెండో ఏడాది ఒక్కో సబ్జెక్టుకి 30 మార్కుల ప్రాక్టికల్. రెండేళ్ల సబ్జెక్టులన్నీ కలిపి 1000, అందులో 750 వస్తే ఏ గ్రేడ్. చూడటానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ ఇక్కడ కావాల్సింది రాత: పాయింట్లు, సైడ్ హెడింగులు, పెన్సిల్ బొమ్మ, లేబుళ్లన్నీ ఒక పక్కకే, గీతలు ఒకదాన్నొకటి దాటకుండా. మా లెక్చరర్ల దగ్గర 8 మార్కుల ప్రశ్నకి బొమ్మ లేకపోతే ఎంత రాసినా సగం దగ్గరే ఆపేసేవారు, ఎందుకని అడిగితే స్పాట్ వాల్యుయేషన్‌లో మీ పేపరు దిద్దే ఆయనకి మీ మొహం తెలీదు, బొమ్మే మీ మొహం అనేవారు.

నీట్‌లో బొమ్మ గీసే పనే లేదు. 720 మార్కుల్లో సగం, అంటే 360, బయాలజీవే. కరెక్ట్ అయితే 4, తప్పయితే మైనస్ 1. మా ఏడాది బోటనీ 50, జువాలజీ 50 ఇచ్చి ఒక్కోదాంట్లో 45 రాయమన్నారు. 2025 నుంచి ఆ చాయిస్ తీసేశారు, మొత్తం 180 ప్రశ్నలకి 180 నిమిషాలు. ఇద్దరికి ఒకే మార్కులొస్తే ముందు చూసేది బయాలజీ మార్కులే. 90లో 80 కరెక్ట్ పెట్టి మిగతా 10 వదిలేస్తే 320. ఆ పదీ గుడ్డిగా పెట్టి అన్నీ తప్పయితే 310. ఆ 10 మార్కుల తేడాకి ఎన్ని ర్యాంకులు పోతాయో 2024లో రాసినవాళ్లని అడగండి, చెప్తారు.

బోర్డుకీ నీట్‌కీ పొసగదని చెప్పడానికి మలేరియా తెచ్చే ప్లాస్మోడియం జీవిత చక్రం చాలు. మాకు బోర్డు సిలబస్‌లో అది మొదటి ఏడాది జువాలజీలో ఉండేది, ఎన్‌సీఈఆర్‌టీలో పన్నెండో తరగతి పుస్తకంలో ఉంటుంది. బోర్డుకి మనిషిలో ఏం జరుగుతుంది, దోమలో ఏం జరుగుతుంది అని బొమ్మతో సహా రెండు పేజీలు రాస్తే 8 మార్కులు. నీట్‌కి స్పోరోజోయిట్లు (ప్లాస్మోడియం దశల్లో ఒకటి) దోమలో ఎక్కడ నిల్వ ఉంటాయి అని ఒక్క ముక్క, లాలాజల గ్రంథులు అని బబుల్ నింపితే 4 మార్కులు అయిపోయాయి. బొద్దింక సంగతి ఇంకా విచిత్రం. బోర్డుకి బొద్దింక జీర్ణ వ్యవస్థ, రక్త ప్రసరణ అన్నీ చదివాం, ఈలోపు ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు పాఠాలు తగ్గించి బొద్దింకని తీసేసి కప్పని ఉంచారు. 2024 నీట్ సిలబస్ కాగితంలో అయితే కీటకం అని రాసి పక్కన బ్రాకెట్లో కప్ప అని వేశారు. కప్ప ఎప్పటినుంచి కీటకమైందని హాస్టల్లో వారం రోజులు నవ్వుకున్నాం, తర్వాత రెండూ చదివాం.

ఇక కాలేజీ సొంత లెక్క. ఎక్కడా రాసి ఉండదు, రెండేళ్లూ నడిపించేది మాత్రం ఇదే. ఆదివారం వీకెండ్ టెస్ట్, నీట్ పద్ధతిలో, ఓఎంఆర్ (బబుల్స్ నింపే షీటు) మీద. సాయంత్రానికల్లా మార్కులు అమ్మానాన్నల ఫోన్‌కి మెసేజ్ వెళ్లిపోతాయి, మనకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. సోమవారం పొద్దున ర్యాంక్ లిస్ట్ నోటీసు బోర్డులో. మా క్యాంపస్‌లో బయాలజీకి 320 గీత, అది దాటనివాళ్లు స్టడీ అవర్లో ఎర్రర్ లిస్ట్ రాయాలి: తప్పు పోయిన ప్రతి ప్రశ్నకీ ఎన్‌సీఈఆర్‌టీలో ఆ లైను ఏ పేజీలో ఉందో వెతికి రాసి సంతకం పెట్టించుకోవాలి. మొదట్లో అందరం తిట్టుకున్నాం. నా అభిప్రాయంలో మొత్తం కోర్సులో అన్నిటికంటే ఉపయోగపడింది అదే, ఎందుకంటే రెండో ఏడాదికి వచ్చేసరికి నా తప్పులన్నీ తెలియక పోయినవి కావని, సగం తప్పులు ప్రశ్నలో "కానిది ఏది" అన్న మాట చూడకుండా పెట్టినవేనని ఆ నోటుబుక్కే చూపించింది.

అదే టెస్టు మార్కులతో సెక్షన్లు మార్చడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. కొన్ని టెస్టుల సగటు చూసి షఫ్లింగ్ చేస్తారు, పై సెక్షన్‌కి సీనియర్ లెక్చరర్లు, కింది సెక్షన్లకి కొత్తగా చేరినవాళ్లు. అంటే ఎవరికి మంచి సారు అవసరమో వాళ్లకే ఆయన దొరకరు. పైగా సెక్షన్ ఫిజిక్స్ మార్కులతో కలిపి నిర్ణయిస్తారు కాబట్టి బయాలజీలో 340 తెచ్చుకునే మా రూమ్మేట్ ఫిజిక్స్ వల్ల కిందికి వెళ్లిపోయింది, పై సెక్షన్‌లో జన్యుశాస్త్రం పాఠం సగంలో ఉండగా కింది సెక్షన్‌లో అప్పటికే అయిపోయింది, ఆ సగం ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. వాళ్ల నాన్నగారు వచ్చి ఇన్‌చార్జ్‌ని అడిగితే "ఇది మోటివేషన్ కోసమండీ" అన్నారు. ఏం మోటివేషనో.

ప్రాక్టికల్స్ గురించి నిజం చెప్తే ఎవరికీ నచ్చదు. మా దగ్గర ల్యాబ్ ఉంది, మైక్రోస్కోపులూ ఉన్నాయి, తెరిచింది మాత్రం పరీక్షకి కొద్దిగా ముందు. రికార్డు అంతా స్టడీ అవర్లో సీనియర్ల రికార్డు చూసి దించిందే. ఉమ్మెత్త పువ్వు ఇచ్చి పుష్ప సూత్రం రాయమన్నారు, రాశాం, స్పాటర్లు (గుర్తుపట్టమని పెట్టే నమూనాలు) గుర్తుపట్టాం, 30కి దాదాపు అందరికీ మంచి మార్కులే వచ్చాయి. మార్కులు వచ్చాయి కదా అని అప్పుడు ఎవరమూ మాట్లాడలేదు. బాపట్ల వచ్చాక బ్లేడుతో కాండం సెక్షన్ పల్చగా కోయమంటే నాకు చెయ్యి తిరగలేదు, గవర్నమెంట్ జూనియర్ కాలేజీ నుంచి వచ్చిన అబ్బాయి నా పక్కనే చకచకా కోసి స్లైడ్ పెట్టేశాడు. వాళ్ల కాలేజీలో ఏసీ క్లాసులు లేవు కానీ ల్యాబ్ తెరిచే సార్ ఉన్నారు. ఇంకో తమాషా ఏంటంటే నీట్‌కి పనికిరాదని విసుక్కుంటూ చదివిన ఆ బొద్దింక పాఠమే ఎంటమాలజీలో (కీటకాల సబ్జెక్టు) నన్ను ఒడ్డున పడేసింది.

అగ్రికల్చర్, ఫార్మసీ సీట్లకి రాసే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బయాలజీ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మైనస్ మార్కులు లేవు, నీట్ చదివినవాళ్లకి పెద్దగా టెన్షన్ ఉండదు. ఒక్కటి గుర్తుంచుకోండి: ర్యాంకులో ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంటుంది. మా క్యాంపస్‌లో ఐపీఈకి పాసైతే చాలు, నీట్ చూసుకోండి అనేవారు. ఎంబీబీఎస్ సీటు ఎటూ అందరికీ రాదు కదా, రానివాళ్లు అగ్రికల్చర్‌కో ఫార్మసీకో వెళ్లేటప్పుడు ఆ ఐపీఈ మార్కులే ముందుకి తోస్తాయి లేదా వెనక్కి లాగుతాయి. నాకు సీటు రావడానికి బోటనీ, జువాలజీల్లో రాసిన ఆ బొమ్మలు కూడా కారణమే.

ఇప్పుడు చేరేవాళ్లకి లెక్క మారింది. 2025-26 నుంచి మొదటి ఏడాదికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది, బోటనీ జువాలజీ కలిసి బయాలజీ అని 85 మార్కులకి ఒకే పేపరు. నేను మొత్తుకున్న రెండు సిలబస్‌ల గోల దీంతో చాలావరకు తగ్గాలి. కాబట్టి సీనియర్ల దగ్గర పాత మెటీరియల్ తీసుకోకండి, పైన నేను చెప్పిన 60 మార్కుల లెక్క కూడా మా బ్యాచ్ వరకే. వీకెండ్ టెస్టు, షఫ్లింగ్ మాత్రం అలాగే ఉన్నాయని మా పిన్ని కూతురు చెప్తోంది.

పదో తరగతి తెలుగు మీడియంలో చదివిన పిల్లల గురించి కూడా అడిగారు. నీట్ పేపరు తెలుగులో కూడా తీసుకోవచ్చు, ఇంగ్లీషు పక్కనే ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు వెర్షన్‌నే ఫైనల్‌గా తీసుకుంటారు. కానీ మా క్యాంపస్‌లాంటి చోట్ల క్లాసూ మెటీరియలూ వీకెండ్ టెస్టూ అన్నీ ఇంగ్లీషులోనే. మా సెక్షన్‌లో అలా వచ్చినవాళ్లు దసరా దాకా ర్యాంక్ లిస్ట్‌లో అట్టడుగున ఉన్నారు, సంక్రాంతికి పైకొచ్చారు, అయితే షఫ్లింగ్ ఈ రెండు పండగల మధ్యే జరిగిపోయింది. అందుకే చేర్పించేటప్పుడు మొదటి షఫ్లింగ్ ఏ నెలలో అని సూటిగా అడగండి, దసరా లోపే అంటే ఆ పిల్లలకి ఆ క్యాంపస్ వద్దు.