ఒత్తు పోయినా ఫరవాలేదు, దీర్ఘం పోకూడదు: ఫోనులో ఏ తెలుగు మేలు?

తిరుపతిలో డీటీపీ సెంటర్ పెట్టుకుని పెళ్లి పత్రికలు, కరపత్రాలు, సావనీర్లు కంపోజ్ చేయడం, ప్రూఫులు దిద్దడం నా బతుకుదెరువు. అందుచేత మా అపార్టుమెంటు గ్రూపులో ఎవరు ఏ అక్షరం తప్పు రాసినా నేను పళ్లు నూరుతూ ఉంటానని అందరికీ అనుమానం. నిజానికి అచ్చులో తప్పుకూ ఫోనులో తప్పుకూ ఒకే శిక్ష వేయడం నాకు నచ్చదు. పత్రికలో ముహూర్తం తప్పు పడితే అచ్చయిన కార్డులన్నీ చెత్తబుట్ట పాలవుతాయి. వాట్సాప్‌లో అయితే పంపిన 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు. 2023 నుంచి ఆ వీలు ఉంది.

గ్రూపుల్లో ఈ గొడవ లేచినప్పుడల్లా రెండే మాటలు వినిపిస్తాయి. "విషయం అర్థమైంది కదా, ఇంకేం కావాలి?" అనేది ఒకటి. "మన భాషను మనమే చంపుకుంటున్నాం" అనేది రెండోది. ఇద్దరూ తప్పులన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. తెలుగులో కొన్ని తప్పులు కంటికి మాత్రమే గుచ్చుకుంటాయి. కొన్ని అర్థాన్నే తలకిందులు చేస్తాయి. ఎలా రాస్తే ఈ రెండో రకం తగ్గుతాయన్నదే నాకు ముఖ్యం. నాలుగు రకాల రాతలను ఆ కొలతతోనే పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు

దీనికున్న బలాన్ని ముందుగా ఒప్పుకోవాలి. మనది తమిళనాడు, కర్ణాటకలను ఆనుకుని ఉన్న ప్రాంతం. ఇంట్లో తెలుగే మాట్లాడినా చెన్నైలోనో బెంగళూరులోనో చదువుకోవడం వల్ల తెలుగు చదవలేనివారు తిరుపతిలో చాలామంది ఉన్నారు. నగరి, సత్యవేడు వైపు తమిళ మాధ్యమంలో చదివినవారూ ఉన్నారు. అందరూ ఉన్న గ్రూపులో అందరికీ వచ్చిన అక్షరాలు ఆ 26 మాత్రమే. వాటితో టైపు చేయడం చేతికి అలవాటు కూడా. బస్సులో నిలబడి ఒంటిచేత్తో "వచ్చేస్తున్నా" అని కొట్టడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

చిక్కల్లా ఏమిటంటే, తెలుగుకు ప్రాణమైన రెండు తేడాలు ఆ 26 అక్షరాల్లో ఇమడవు. ఒకటి హ్రస్వానికీ దీర్ఘానికీ ఉన్న తేడా. రెండోది త–ట, ద–డల తేడా. 'పంపారు' అంటే డబ్బు వచ్చేసినట్టు. 'పంపరు' అంటే ఇక రానట్టు. జరిగిపోయిన పనినీ జరగబోని పనినీ విడదీసేది ఒక్క దీర్ఘమే. ఇంగ్లీషు అక్షరాల్లో చాలామంది రెండింటినీ ఒకేలా రాస్తారు. దించారు–దించరు, అమ్మారు–అమ్మరు, ఆపారు–ఆపరు, అన్నీ ఇదే తంతు.

చిత్తూరు దగ్గర తోట ఉన్న మా బావగారి మామిడి రైతుల గ్రూపులో సీజను మొత్తం మాటలన్నీ ఈ క్రియల మీదే నడుస్తాయి. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్న రోజుల్లో, లోపల ఉన్న రైతు ఒకరు కబురు పెడతారు. దాన్ని 'దించారు' అని చదివినవాడు ఇంకో లోడు కోయించి బయలుదేరతాడు. 'దించరు' అని చదివినవాడు కాయను చెట్టునే ఉంచుతాడు. ఇద్దరిలో ఒకరికి కోత కూలి, ట్రాక్టరు బాడుగ, ఎండకు మెత్తబడిన కాయ మిగులుతాయి. దీన్ని వ్యాకరణం అనండి, వ్యవసాయం అనండి, నష్టం మాత్రం రూపాయల్లోనే.

ఇంటి సంగతులకు వస్తే, కె, ఎ, రెండు ఎల్‌లు, యు వరుసగా వేస్తే అవి కళ్లా, కాళ్లా, కల్లా? "అమ్మకు ఫలానావి నొప్పి, మంచి డాక్టరును చెప్పండి" అని అడిగినప్పుడు సగం మంది కంటి ఆసుపత్రి పేరు, సగం మంది ఎముకల డాక్టరు పేరు చెబుతారు. పాతకూ పాటకూ తేడా ఉండదు. కోటి కోతి అవుతుంది. మర్యాదగా 'రండి' అని రాసినా హిందీ వారి కంటికి అది బూతు. గదులు అద్దెకిచ్చేవారు నాలుగు భాషల యాత్రికులకు ఒకే సందేశం పంపే ఊళ్లో ఇది తీసిపారేయదగ్గ విషయం కాదు.

జాగ్రత్తగా రాస్తే సరిపోదా అని అడగవచ్చు. కంప్యూటర్‌కు తెలుగు లిపి సరిగ్గా రాని రోజుల్లో ఆ జాగ్రత్త కూడా జరిగింది. రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ట, డ, ణ, ళలకు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు వాడతారు, దీర్ఘానికి అచ్చును రెండుసార్లు వేయడమో, పెద్ద అక్షరం వాడటమో చేస్తారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు లిపిలోకి మార్చే లేఖిని వంటి పరికరాలు నడిచింది ఆ బాటలోనే. కానీ ఆ నియమాలన్నీ పాటించే ఓపిక ఉన్నవారు అదే ఓపికతో నేరుగా తెలుగు లిపిలోనే రాసేయవచ్చు.

తప్పులతోనైనా తెలుగు లిపి

నా మొగ్గు దీనివైపే. కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

తెలుగు లిపిలో జనం చేసే తప్పుల్లో పెద్ద వాటా ఒత్తులది. బాష, దర, కర్చు, విద్యార్ది. చూడటానికి బాగుండవు, నిజమే. అయితే వీటిలో ఏ ఒక్కటీ ఎవరికీ అర్థం కాకుండా పోదు. దానికి కారణం ఉంది. అచ్చ తెలుగు మాటల్లో ఒత్తక్షరాలు దాదాపు కనిపించవు. అవి ఎక్కువగా సంస్కృతం నుంచి, కొన్ని ఉర్దూ, హిందీల నుంచి వచ్చిన మాటలతో పాటు వచ్చాయి. మాట్లాడేటప్పుడు మనలో చాలామంది వాటిని ఒత్తి పలకం కూడా. నోట్లో లేనిది వేలికి రాకపోతే వింతేముంది? పైగా తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. బడిలో ఆ లిపి నేర్చుకుని, తెలుగును బస్సు బోర్డుల మీద, దుకాణాల పేర్ల మీద కూడబలుక్కుని పట్టుకున్న మనిషి 'ధర'ను 'దర' అని రాస్తే నాకు తప్పు కనిపించదు, ఆ మనిషి పట్టుదల కనిపిస్తుంది. అందరూ ఎత్తిచూపే అర్థం–అర్ధం జంట సంగతి కూడా అంతే. అర్ధం అంటే సగమే కావచ్చు. అయినా "నాకు అర్ధమైంది" అన్నవారికి సగమే బోధపడిందని ఏ పాఠకుడూ అనుకోడు.

'వెళ్లి'ని 'వెల్లి' అనడం, 'కాణిపాకం'ను 'కానిపాకం' అనడం కూడా ఈ జాబితాలోవే. అర్థానికి ఇబ్బంది లేదు కానీ వెతుకులాటకు ఉంది. పాత సందేశాల్లో వెతికేటప్పుడు ఫోను అక్షరాలనే పోల్చి చూస్తుంది, మన మనసులో ఉన్నదాన్ని కాదు. 'కాణిపాకం' అని వెతికితే 'కానిపాకం' బస్సు వేళలు పైకి రావు. మళ్లీ అవసరపడే సమాచారం ఏదైనా ఉంటే ఊరి పేరు ఒక్కటైనా సరిగ్గా రాయమనడం అందుకే.

'సాఫ్ట్‌వేర్'ను 'సాఫ్ట్వేర్' అని రాస్తే కొందరికి చిర్రెత్తుకొస్తుంది. పొల్లు తర్వాత, కంటికి కనిపించని ఒక గుర్తు వేస్తేనే ఆ రెండు ముక్కలు అతుక్కోకుండా నిలబడతాయి. ప్రూఫులు దిద్దేవాడిగా ఈ గుర్తు కోసం నేను పడే తంటాలు వేరు. కబుర్లలో దాని ఊసే అక్కర్లేదు.

అసలు భయపడాల్సిన తప్పు మరొకటి ఉంది. మనం ఇంగ్లీషు అక్షరాలు నొక్కుతుంటే తెలుగు మాటలను ఊహించి చూపించే కీబోర్డులే ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నారు. 'పంపరు' అనుకుంటూ నొక్కితే నా ఫోనులో 'పంపారు' ముందు వరుసలో కూర్చుంటుంది. తొందరలో దాన్నే తాకుతాం. మాట శుభ్రంగా ఉంటుంది, ఒక్క అక్షరదోషం ఉండదు, విషయం మాత్రం అబద్ధం. 'పంప్పరు' అని వంకరగా కనిపిస్తే ఎదుటివారు ఆగి అడుగుతారు. నున్నగా ఉన్నదాన్ని ఎవరూ అనుమానించరు. స్పెల్లింగ్ చూసుకోమని చెప్పేవారు చాలామంది ఈ రకాన్ని లెక్కలోకే తీసుకోరు.

వ్యాకరణం విషయంలో నేను వదిలిపెట్టనిది క్రియ చివర ఉండే 'అండి' ఒక్కటే. మా బ్లాకులో కొత్తగా చేరిన కుర్రాడు ఒక పెద్దాయనకు "మెయింటెనెన్స్ బిల్లు పంపు" అని ఏ దోషమూ లేకుండా రాశాడు. రెండు రోజులు అంతస్తులన్నిటిలో అదే చర్చ. అదే బిల్లును ఇంకొకరు "పంపన్డి" అని అడిగితే అందరూ నవ్వుకుని పంపించేశారు. తెలుగువారు మర్యాదను క్రియ తోకలో పెట్టారు. అది తెగితే మిగతా వాక్యం ఎంత చక్కగా ఉన్నా లాభం లేదు.

నోటితో చెప్పి రాయించడం

కళ్లు సరిగ్గా ఆనని పెద్దవారికి ఇది వరం. వేళ్లు వణికేవారికీ అంతే. దీర్ఘాలు కూడా చాలావరకు సరిగ్గానే పడతాయి. అందుకే ఇంగ్లీషు అక్షరాల కన్నా దీన్ని పైమెట్టు మీద పెడతాను. మన యాసలో గబగబా చెప్పినప్పుడు మాత్రం అది తనకు తెలిసిన మాటేదో తెచ్చి అతికిస్తుంది. నా ఫోనులో వాక్యం ఎక్కడ ఆగిందో గుర్తు కూడా పడదు, నాలుగు సంగతులు ఒకే దండగా వచ్చేస్తాయి. పంపే ముందు ఒక్కసారి చదువుకుంటే ఈ ఇబ్బంది సగం తీరుతుంది. కానీ చదవలేకనే కదా నోటితో చెప్పేది! నేరుగా గొంతు రికార్డు చేసి పంపేయడం ఇంకో దారి. దానికి స్పెల్లింగ్ బెడద లేదు. అయితే రేణిగుంట స్టేషను రద్దీలో నిలబడి మూడు నిమిషాల గొంతు విని, అందులో ఉన్న ఒక్క రైలు నంబరు పట్టుకోవడం వినేవారికి శిక్ష.

పొల్లు పోకుండా రాయడం

ఇది నా వృత్తి. దీన్ని తక్కువ చేయను. కానీ కబుర్లలోకి ఇది వచ్చిందంటే దానితో పాటు ఒక వేషం కూడా వస్తుంది. "యావన్మంది సభ్యులకు తెలియజేయునది ఏమనగా" అని మొదలై, "కావున గమనించగలరు" అని ముగిసే సందేశంలో నీళ్లు ఏ గంటకు ఆగుతాయో ఉండదు. సందర్భానికి తగని భాష కూడా దోషమే. గోడ మీద నోటీసు రాసే చేత్తో పక్కింటివారిని పలకరించకూడదు.

ఇంతకీ ఏది పొల్లు పోని తెలుగు? పెళ్లి, పెళ్ళి రెండూ చెల్లుతున్నాయి. పత్రికలు 'రుణం' అంటాయి, కొన్ని పుస్తకాలు 'ఋణం' అంటాయి. 'వ్రాయడం' పోయి 'రాయడం' వచ్చింది. అరసున్న, బండి ఱ మామూలు రాతలో కనుమరుగయ్యాయి. ఈ రోజు మనం శిష్టమైన తెలుగు అనుకుంటున్న దానిలో చాలా భాగం, వందేళ్ల కిందట గ్రాంథికవాదులకు రాయకూడని భాష. గిడుగు రామమూర్తి వారితో జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అంతదాకా ఎందుకు, మన కొండ మీద దొరికిన రాగిరేకుల్లోని అన్నమయ్య పదాల్లో వీధిలో వినిపించే మాటలు కొల్లలుగా ఉన్నాయి. నియమం తెలిసినవారికి ఈ చరిత్ర కూడా తెలిసి ఉంటే గ్రూపుల్లో దిద్దుబాట్లు సగానికి తగ్గేవి.

దిద్దుబాట్ల వల్ల జరిగే నష్టం నేను చూశాను. మామిడి గ్రూపులో ఒక రైతు 'దర' అని రాస్తే, చదువుకున్న ఒకాయన అందరి ముందూ "ముందు ధర రాయడం నేర్చుకోండి, తర్వాత అడుగుదురు" అన్నారు. ఆ రైతు ఇప్పుడు బొటనవేలి బొమ్మ తప్ప ఏమీ పెట్టడం లేదు. ఆయన రోజూ చెప్పే మార్కెట్ రేట్లు మిగతా అందరికీ పోయాయి.

పొల్లు పోని భాష నమ్మకానికి గుర్తు అనుకునే రోజులు కూడా పోయాయి. దర్శనం టికెట్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు ఉన్నాయని టీటీడీ పలుమార్లు హెచ్చరించింది. మోసగాళ్లకు ఇప్పుడు యంత్రాలు మంచి తెలుగు రాసిపెడుతున్నాయి. తప్పులు లేవు కదా అని డబ్బు కట్టడం తెలివితక్కువ పని.

అయినా కొన్నిచోట్ల నేను పూర్తిగా ఈ నాలుగో పద్ధతివైపే ఉంటాను. చావు కబురులో మనిషి పేరు తప్పు పడకూడదు. పిల్లల పేర్లు వారి తల్లిదండ్రులు రాసినట్టే రాయాలి. అమ్మకపు ప్రకటనలు, పదిమంది పదిచోట్లకు పంపించే సందేశాలు ఎవరు చదువుతారో మన చేతిలో లేదు కాబట్టి ఇంకొకరికి చూపించి పంపాలి.

మిగతా రోజువారీ మాటలకు తెలుగు లిపి చాలు, తప్పులున్నా సరే. పంపే ముందు కన్ను వేయాల్సినవి క్రియలోని దీర్ఘం, త–ట, ద–డ, అంకెలు, 'అండి'. చదివేవారి వైపు నుంచి కూడా ఒక పద్ధతి ఉంది. అనుమానం డబ్బుకో వేళకో సంబంధించినదైతే దిద్దకుండా అడగాలి, లేకపోతే వదిలేయాలి. మొన్న మా నీళ్ల ట్యాంకరు గురించి వాచ్‌మన్ ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ముక్క పంపాడు. రాదు అనో రాడు అనో చదువుకోవచ్చు. "ట్యాంకరు రాదా, డ్రైవరు రాడా?" అని అడిగాను. "రెండూ సార్" అని జవాబు వచ్చింది.