జోర్డాన్ యాత్ర: పెట్రా, హోరు కొండ, వాదీ మూసాలో ఒక చెడ్డ బస

జోర్డాన్‌లో చూడాలనుకున్నవన్నీ చూసి తృప్తిగానే తిరిగి వచ్చాము. అయినా వాదీ మూసాలో మేము దిగిన బస గురించి ముందుగా చెప్పకపోతే, వీపున సంచీ తగిలించుకుని చవక గదుల కోసం వెతుక్కునే మనవాళ్లకు ఈ రాత వల్ల ప్రయోజనం ఉండదు. నాతో వచ్చినది గుంటూరులో ఉండే మా బావగారు. సండే స్కూల్లో విన్న, మోషే వాగ్దత్త దేశాన్ని చూసిన నెబో కొండనూ, అతని అన్న అహరోను కన్నుమూసిన హోరు కొండనూ కళ్లారా చూడాలన్నది ఆయన చిరకాల కోరిక కాగా, ఎడారిలో పెట్రా అనే నగరం కట్టి నీళ్లు పారించిన నబాతీయులనే ప్రాచీన అరబ్బుల పనితనం చూడాలన్నది నా కోరిక.

పెట్రాను ఆనుకుని ఉన్న ఊరే వాదీ మూసా. అక్కడ రాత్రికి 22 దీనార్లకు, ఉదయపు ఫలహారంతో కలిపి, గది ముందే ఖాయం చేసుకున్నాము. దీనారు సుమారు 120 రూపాయలు. తీరా వెళ్లాక ఆ గది ఖాళీ లేదని చెప్పి, వీధి అవతల ఉన్న మరో భవనంలో, కిటికీ తలుపు సరిగ్గా మూసుకోని గది చూపించారు. ఫిబ్రవరి రాత్రి, వెయ్యి మీటర్లకు పైన ఉన్న ఊరు, కుళాయిలో వేడినీళ్లు లేవు. హీటరు అడిగితే రాత్రికి 5 దీనార్లు అదనమన్నారు. అప్పటికే దగ్గుతున్న బావగారు ఒక్క మాట కూడా మాట్లాడకుండా కోటుతోనే పడుకున్నారు. మర్నాడు ఫలహారం కూడా ముట్టలేదు.

అసలు గొడవ గది ఖాళీ చేసేటప్పుడు వచ్చింది. రెండు రాత్రులకు 44 కావలసిన బిల్లు హీటరుకు 10, ఫలహారానికి 12, పర్యాటక పన్ను పేరుతో 4 కలుపుకుని 70 అయి కూర్చుంది. పాస్‌పోర్టులు వాళ్ల సొరుగులో ఉన్నాయి. ఫలహారం అద్దెలోనే ఉందని రాసి ఉన్న కాగితం చూపించాక 12 తగ్గించి, 58 చెల్లించిన తరువాతే వాటిని చేతికిచ్చారు. గది అద్దెలో ఏమేమి కలిశాయో అచ్చు వేయించిన కాగితం దగ్గర ఉంచుకోండి; పాస్‌పోర్టును నకలు తీసుకోనివ్వండి గాని, అట్టే పెట్టుకోనివ్వకండి.

ప్రభుత్వ టికెట్ల విషయంలో మాత్రం ఎక్కడా దాపరికం లేదు. పెట్రాకు రెండు రోజుల టికెట్టు 55 దీనార్లు, వీసా రుసుము 40. బయలుదేరక ముందే జోర్డాన్ పాస్ అనే ఉమ్మడి టికెట్టు కొనుక్కుంటే 75కే రెండూ తీరిపోతాయి, దేశంలో కనీసం మూడు రాత్రులు ఉండాలన్నది షరతు. గుర్రపు స్వారీ టికెట్టులోనే కలిసి ఉందని పిలిచి, దిగాక బహుమానం కోసం పట్టుబట్టే వాళ్లు పెట్రా ద్వారం దగ్గరే ఎదురవుతారు. ఆ కాస్త దూరం నడవడమే మేలు.

సీక్ అనే ఇరుకు లోయ సుమారు 1.2 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. అందరూ దాని చివర కనిపించే అల్ ఖజ్నే అనే, కొండరాతిలో చెక్కిన కట్టడం కోసం పరుగెడతారు గాని, దారి పొడవునా నడుమెత్తున రాతిలో చెక్కిన కాలువను, అక్కడక్కడ ఇంకా అతుక్కుని ఉన్న మట్టి గొట్టాల ముక్కలను ఆగి చూడండి. ఒక గొట్టం మూతి మరొక దానిలోకి బిగుసుకునేలా చేసి, సున్నంతో అతికిన పని అది. నాకు ఖజ్నే కన్నా అదే ఎక్కువ నచ్చింది.

మరునాడు హోరు కొండ. అరబ్బులు దీన్ని జబల్ హారూన్, అంటే అహరోను కొండ అంటారు. ఎత్తు దాదాపు 1,350 మీటర్లు. 1812లో బుర్కార్ట్ అనే స్విస్ యాత్రికుడు ఈ కొండ మీది హారూన్ ప్రవక్త సమాధికి మేకను బలి ఇస్తానన్న మిషతోనే పెట్రా లోపలికి రాగలిగాడు. మేము ఇద్దరికీ కలిపి 45 దీనార్లకు ఒక బెదూయిన్ (ఎడారి సంచార తెగ) యువకుణ్ణి వెంట తీసుకెళ్లాము. దారి గుర్తులు సరిగా లేవు కనుక మార్గదర్శి లేకుండా వెళ్లవద్దు. శిఖరాన తెల్లటి గుమ్మటం కింది గదికి తాళం వేసి ఉంది. బావగారు ఆ గోడకు ఆనుకుని కూర్చుని, అహరోను వస్త్రాలు తీసి అతని కుమారుడు ఎలియాజరుకు తొడిగించిన ఘట్టాన్ని సంఖ్యాకాండం 20వ అధ్యాయం నుంచి పైకి చదివారు. భాష తెలియకపోయినా ఆ యువకుడు ‘హారూన్, మూసా (మోషే)’ అని తలూపుతూ చివరి దాకా విన్నాడు, తరువాత మసిబారిన చిన్న కేటిల్‌లో టీ కాచి పోశాడు. రెండు రోజులుగా ముభావంగా ఉన్న బావగారు అక్కడే మొదటిసారి నవ్వారు.

వాదీ రమ్ అనే ఎడారి లోయలో రాత్రి బస, ఇసుకలో పాతిన పాత్ర నుంచి తీసిన జర్బ్ అనే మాంసం, కూరగాయల భోజనంతో కలిపి మనిషికి 30 దీనార్లు, ప్రతి దీనారూ సార్థకం. నెబో కొండకు పాస్ చెల్లదు, విడిగా 3 దీనార్లు. మబ్బు వల్ల యెరూషలేము వైపు ఏమీ కనిపించలేదు.

మన వైపు నుంచి పరిశుద్ధ భూమి యాత్రలకు వచ్చే బృందాల్లో చాలామంది నెబో చూసి సరిహద్దు దాటిపోతారు. మోకాళ్లు సహకరించే వాళ్లయితే, డబ్బు కట్టే ముందే హోరు కొండ కోసం ఒక రోజు కలపమని నిర్వాహకులను గట్టిగా అడగండి.