చల్లారని మంట: షేడర్‌టాయ్‌లో పాత డెమోలు

షేడర్‌టాయ్ అంటే, తెర మీది ప్రతి పిక్సెల్ రంగునూ లెక్కకట్టే చిన్న ప్రోగ్రాములను (షేడర్లను) బ్రౌజర్‌లోనే రాసి చూసుకునే వెబ్‌సైట్. దాని గురించి రాసేవారంతా ముందు దాని వేగాన్ని మెచ్చుకుంటారు. బ్రౌజర్‌లో కోడ్ మార్చి మీట నొక్కితే మరుక్షణమే బొమ్మ మారుతుంది. నిజమే, కాదనను. అయితే పాత డాస్, అమిగా కంప్యూటర్ల కాలపు డెమోలను (కోడ్‌తో గీసే కదిలే బొమ్మల ప్రదర్శనలను) కొన్నేళ్లుగా ఇందులో మళ్లీ కట్టుకుంటున్న నాకు అసలు ప్రేమ ఒక్కదాని మీదే: గీసిన బొమ్మను (ఫ్రేమును) దాచుకునే ‘బఫర్ ఏ’ అనే చిన్న ట్యాబ్.

ప్లాస్మా (అలలు అలలుగా మారే రంగులు), సొరంగం, రోటోజూమర్ (తిరుగుతూ పెద్దదవుతూ చిన్నదవుతూ ఉండే బొమ్మ) అది లేకుండానే వస్తాయి. పిక్సెల్ ఎక్కడుందో, ఎంత సమయం గడిచిందో తెలిస్తే చాలు. నాలుగు సైన్ తరంగాలు కలిపితే ప్లాస్మా. కోణాన్నీ, దూరానికి విలోమాన్నీ టెక్స్చర్‌కు (పైన పరిచే బొమ్మకు) అందిస్తే సొరంగం. 386 ప్రాసెసర్ ఉన్న పాత యంత్రం మీద ప్రతి పిక్సెల్‌కూ కోణం చెప్పే ఆర్క్‌టాన్ లెక్కకట్టే స్తోమత లేక, అప్పటివారు ఆ విలువలన్నీ ముందే పట్టికలో పెట్టుకునేవారు. ఇప్పుడది ఒక్క వరుస కోడ్. అంత తేలికగా వచ్చేసింది కాబట్టే వాటి మీద మోజు కూడా త్వరగానే తీరింది.

మంట సంగతి వేరు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో టర్బో సీతో కుస్తీ పట్టినవారికి గ్రాఫిక్స్ అంటే ఇనిట్‌గ్రాఫ్ అనే ఫంక్షన్, 16 రంగులు, గ్రాఫిక్స్ డ్రైవర్లుండే బీజీఐ ఫోల్డర్ దొరకలేదనే ఫిర్యాదు. దాన్ని పక్కన పెట్టి నేరుగా డాస్ పీసీ తెర అమరికైన మోడ్ 13హెచ్‌లోకి వెళ్తే 320×200 పిక్సెళ్లు, 256 రంగులు, పిక్సెల్‌కు ఒక బైటు. మంట సూత్రం ఇంతే: అడుగు వరుసలో ఇష్టం వచ్చినట్టు వేడి చల్లాలి. పైనున్న ప్రతి గడీ తన కింది నాలుగు గడుల సగటు తీసుకోవాలి. నలుపు, ఎరుపు, పసుపు, తెలుపు వరుసలో ప్యాలెట్ (రంగుల పట్టిక) పెట్టాలి. చిక్కల్లా ఏమిటంటే, మామూలు షేడర్‌లో ఏ పిక్సెల్‌కూ పక్క పిక్సెల్ ఏం లెక్కకట్టిందో తెలియదు, ఇంతకుముందటి ఫ్రేమూ గుర్తుండదు. బఫర్ ఏ తన పాత ఫ్రేమును తానే చదువుకోగలదు. మంట పుట్టేది అక్కడే.

పుట్టింది సరే, చల్లారలేదు. సూత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా దించాను. కాసేపటికి తెరంతా మెత్తని నారింజ రంగు కమ్ముకుంది. అది మంటలా లేదు, సాంబ్రాణి పొగలా ఉంది. కారణం తెలిసినప్పుడు మాత్రం భలే ముచ్చటేసింది. పాత కోడ్‌లో విలువలన్నీ పూర్ణాంకాలు. నాలుగింటిని కూడి నాలుగుతో భాగిస్తే మిగిలిన భిన్నం రాలిపోయేది. సగటున చూస్తే ప్రతి అడుగులోనూ మూడో వంతుకు కాస్త ఎక్కువే పోతుంది. ఎవరూ కావాలని పెట్టని ఆ నష్టమే మంటను చల్లార్చడంలో సాయపడేది; చాలనివారు అదనంగా ఒకటి తీసేసేవారు. షేడర్‌టాయ్ బఫర్లు 32 బిట్ల దశాంశ విలువలను దాచుకుంటాయి. ఏదీ రాలదు, వేడంతా భద్రంగా పైకి ఎక్కుతుంది. చివరికి విలువలను 0 నుంచి 255 వరకు పెట్టుకుని, సగటు మీద ఒక ఫ్లోర్ వేసి (అంటే భిన్నాన్ని కొట్టేసి), ఒకటి తీసేశాను. బఫర్ మూలలో 160×100 గడులు మాత్రమే వాడుకుని, వాటిని నునుపు చేయకుండా తెర నిండా సాగదీశాను. నాలుకలు చాచి, అంచులు గరుకుగా, అచ్చం ఆనాటి మంటే లేచింది. కచ్చితత్వాన్ని తగ్గిస్తే తప్ప రాని అందం అది. పాత కోడ్ నుంచి దించేవారికి ఒక మాట: ఇక్కడ నిలువు లెక్క కింది నుంచి పైకి నడుస్తుంది. డాస్‌లో పై నుంచి కిందికి. అది మార్చకపోతే మంట నేలకు పారుతుంది.

బఫర్‌ను ఇంత పొగిడాను గానీ, కొత్త మానిటర్ కొన్నాక కొంచెం తగ్గించుకోవాల్సి వచ్చింది. ప్లాస్మా గడియారాన్ని బట్టి కదులుతుంది కాబట్టి ఎక్కడైనా ఒకే వేగం. మంట మాత్రం ఫ్రేముకు ఒక అడుగు వేస్తుంది. 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు తాజా అయ్యే) తెర మీద హాయిగా ఊగినది 144 హెర్ట్జ్ మీద పూనకం వచ్చినట్టు ఎగిరింది. గడిచిన సమయాన్ని ఒక మూల పిక్సెల్‌లో దాచి, వేళయ్యాకే అడుగు వేయించవచ్చు. పని చేస్తుంది, కానీ పది వరుసల్లో ముగిసిన ముచ్చటైన కోడ్ కాస్తా చిందరవందరవుతుంది. నిజానికి పాత డెమోలు కూడా తెర తాజా అయ్యే వేగాన్నే నమ్ముకునేవి. మోడ్ 13హెచ్ అంటే ఎక్కడైనా 70 హెర్ట్జే కాబట్టి వారికి ఆ బెంగ లేదు.

అందరికీ సిఫారసు చేస్తానా అంటే, చెప్పలేను. నా ఉద్యోగానికీ గ్రాఫిక్స్‌కూ సంబంధం లేదు. పిల్లలు పడుకున్నాక కూర్చుంటాను, అవసరమని కాదు, సరదా కొద్దీ. గేమ్ కంపెనీలో చేరాలనుకునేవారికి ఇదొక్కటే చాలదు: వెర్టెక్స్ షేడర్ (ఆకారాల మూలలను కదిపేది) రాయనివ్వదు, త్రీడీ మోడళ్లను తెచ్చుకోనివ్వదు. ఇక్కడ కనిపించే త్రీడీ అంతా ప్రతి పిక్సెల్ లోపల కట్టిన లెక్కే. దీన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన ఇనిగో క్విలెజ్ డెమోసీన్ (డెమోలు కట్టేవారి లోకం) నుంచి వచ్చినవారే కాబట్టి ఆ కాలపు పిచ్చి ఉన్నవారికి మాత్రం ఇల్లు చేరినట్టే ఉంటుంది. కాపర్ బార్లు (మెరిసే రంగు పట్టీలు), నక్షత్రాల పరుగు చాలనుకుంటే బఫర్ జోలికి వెళ్లనక్కర్లేదు. మంట కావాలంటే మాత్రం ముందు మీ మానిటర్ ఎన్ని హెర్ట్జో చూసుకోండి.