గ్రహణం మొర్రి ముక్కు: పసితనంలోనా, పెద్దయ్యాకా?

రాయగడలో మా మేనల్లుడికి గ్రహణం మొర్రి. 3 నుంచి 6 నెలల మధ్య పెదవి కుట్టేటప్పుడే ముక్కు కూడా సరిచేయించాలా, పెద్దయ్యాకా అని ఇంట్లో ఒకటే టెన్షన్. (గ్రహణం రోజు కూరలు తరిగావంటూ చెల్లెల్ని ఆడిపోసుకున్నవాళ్లూ ఉన్నారు, అదో పిచ్చి.)

పసితనంలో చేసేది, చీలిక వైపు కిందికి జారిన మెత్తటి మృదులాస్థిని పైకెత్తి కుట్లు వేయడం, పక్కకు సాగిన ముక్కుపుటాన్ని లోపలికి జరపడం. తర్వాత కొన్ని నెలలు ముక్కులో సిలికాన్ గొట్టం ఉంచాలన్నారు. వాడు తుమ్మినప్పుడల్లా అది ఊడి ఉయ్యాల్లో పడేది! కానీ బడికెళ్లేనాటికి ముక్కు చాలావరకు కుదురుతుంది.

ముఖం ఎదుగుదల ఆగాక, అంటే సుమారుగా ఆడపిల్లలకు 15, మగపిల్లలకు 17 దాటాక చేసేది పెద్ద ఆపరేషన్. వంకర ముక్కుదూలం సరిచేస్తారు, అవసరమైతే పక్కటెముక మృదులాస్థితో ముక్కు కొనకు ఊతమిస్తారు. ఊపిరీ తేలికవుతుంది.

మొదటిది చేయించినంత మాత్రాన రెండోది తప్పుతుందనేం లేదు. అయినా మేం విశాఖ రైలెక్కి మొదటిదే చేయించాం.