ఆఫీసుకు ఎగిరి వెళ్ళాలంటే: సెస్నా 150 మేలా, ఆర్‌వీ-12 మేలా?

2025 అక్టోబరు 22 నుంచి స్పోర్ట్ పైలట్ లైసెన్సుతో (చిన్న విమానాలకిచ్చే సులువైన లైసెన్సు) రెండు సీట్ల సెస్నా 150 విమానం కూడా నడపొచ్చని అమెరికాలో రూలు మారింది. అప్పట్నుంచి డల్లాస్ చుట్టుపక్కల ఎగిరే మనవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "ఇంక 150 కొనుక్కుంటే చాలదా, రెండు సీట్లదే అయిన ఆర్‌వీ-12కి అంత డబ్బు పొయ్యాలా?" ఇదివరకు విమానం బరువు 1,320 పౌండ్లు దాటితే మనకు దక్కేది కాదు, 150 ఏమో 1,600. ఇప్పుడు బరువు బదులు స్టాల్ స్పీడు (విమానం గాలిలో నిలవగల కనీస వేగం) చూస్తున్నారు. అందుకే ప్రశ్న సబబైనదే.

డబ్బు విషయంలో 150తో పోటీ లేదు. ఆర్‌వీ-12 ధరలో సగానికే దొరుకుతుంది, ఒక్కోసారి ఇంకా తక్కువకే. దాని ఓ-200 ఇంజిన్ చూడని మెకానిక్ ఉండడు. 

కానీ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు తేల్చేది ఎదురుగాలి. డల్లాస్ దగ్గరి డెంటన్ నుంచి దక్షిణాన ఆస్టిన్ దగ్గరి జార్జ్‌టౌన్‌కు దాదాపు 155 నాటికల్ మైళ్ళు. గాలి లేని రోజు 150 (95 నాట్లు, అంటే గంటకు 95 నాటికల్ మైళ్ళు) గంటా 38 నిమిషాల్లో, ఆర్‌వీ-12 (115 నాట్లు) గంటా 21 నిమిషాల్లో చేరుస్తాయి. పదిహేడు నిమిషాల కోసం ఎవరూ రెట్టింపు డబ్బు పెట్టరు. అయితే వసంతంలో ఇక్కడ దక్షిణం నుంచి ఎదురొచ్చే గాలి 25 నాట్లు ఉండటం మామూలే. ఆ రోజు 150కి 2 గంటల 13 నిమిషాలు, ఆర్‌వీకి గంటా 43. తేడా అరగంటకు పెరిగింది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది నిజమే, కానీ పొద్దున పోయిన సమయం పూర్తిగా తిరిగి రాదు.

ఓ ఏప్రిల్ పొద్దున అద్దెకు తీసుకున్న 150లో దారిలోని వేకో ఊరు దాటుతున్నాను. జీపీఎస్‌లో 68 నాట్లు. కిందకి చూస్తే ఐ-35 హైవే మీద ఎర్ర పికప్ ఒకటి నా రెక్క కిందే, నాతో సమానంగా వస్తోంది. పది నిమిషాలైనా అది వెనకబడలేదు. ఆ రోజే నాకు తేలిపోయింది.

రెండు నెలల తర్వాత ఆర్‌వీ-12 తీసుకున్నాను. దాని రోటాక్స్ ఇంజిన్ కార్ల గ్యాస్ స్టేషన్‌లో దొరికే ప్రీమియం పెట్రోలుతోనే నడుస్తుంది, గంటకు ఐదు గ్యాలన్లు. నాది ఎక్స్‌పెరిమెంటల్ కింద రిజిస్టరైనది కాబట్టి పదహారు గంటల కోర్సు చేసి, ఏటా జరగాల్సిన తనిఖీ నేనే చేసి సంతకం పెట్టుకుంటున్నాను. 150కి ఆ వెసులుబాటు లేదు.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. పాతకాలపు ఏరోంకా చాంప్ విమానం అందంగా ఉంటుంది, కానీ 25 నాట్ల ఎదురుగాలిలో పై దూరానికి దాని 13 గ్యాలన్ల ట్యాంకు చాలదు. సీటీఎల్‌ఎస్ అనే ఇంకో చిన్న విమానానికి 34 గ్యాలన్ల ట్యాంకు, విమానం మొత్తాన్నీ దించే పారాచూట్ ఉన్నాయి. బడ్జెట్ ఉంటే చూడండి.

మీ ఆఫీసు యాభై అరవై మైళ్ళలోపే ఉంటే మాత్రం నా లెక్క పక్కన పెట్టి 150 కొనుక్కోండి. ఎదురుగాలి ఉన్న రోజూ తేడా పది నిమిషాలే. ఏది కొనాలనుకున్నా ముందు ఒక నెలపాటు పొద్దున్నే 3,000 అడుగుల ఎత్తులో గాలి ఎటునుంచి ఎంత వీస్తోందో చూసి, మీరు వెళ్ళే దిక్కుకు ఎన్ని రోజులు ఎదురొచ్చిందో కాగితం మీద రాసుకోండి.